మూడు దసరాల గాలి: గంజాం తీరంలో ఒక జీవితకథను రాసిన తీరు

ఒడిశాలోని గంజాం జిల్లాలో, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు దక్షిణంగా ఉన్న ఒక జాలారిపేటలో ఎండుచేపలు అమ్మి సంసారం ఈదిన ఒక పెద్దావిడ కథ ఇది. ఆ కథను రికార్డు చేసి, రాసి, తిరిగి ఆవిడకే చదివి వినిపించడం దాకా జరిగిన పనిని ఇక్కడ కేస్ స్టడీగా పెడుతున్నాను. ఆవిడ వయసు అరవై దాటి ఉంటుంది. ఆధార్ కార్డు మీద పుట్టినరోజు జనవరి 1 అని ఉంది. ఆ తరం వాళ్ళలో చాలామంది కార్డుల ప్రకారం జనవరి 1నే పుట్టారు కాబట్టి దాన్ని పట్టుకుని లెక్క కట్టలేం. ఊరి పేరు, ఆవిడ పేరు రాయడం లేదు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను.

గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోపాల్‌పూర్ నుంచి చిలికా దాటి పూరీ దాకా తీరం పొడవునా తెలుగు మాట్లాడే బెస్తవాళ్ళ పేటలు ఉన్నాయి. ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు. వాళ్ళు తమను వాడబలిజలమనో జాలార్లమనో చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో ఏది పనిచేస్తే అది. నేను బరంపురంలో తెలుగింట పుట్టి ఒడియా మీడియంలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. పేటలో నాకు దొరికిన చనువుకీ, దొరకని వాటికీ ఈ నేపథ్యమే కారణం.

జీవితకథ రాసేటప్పుడు పరిశోధకుల గొంతు ఎంత వినబడాలన్నది పాత తగువు. మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ పోయిన పాతికేళ్ళకు, 1967లో, ఆయన సొంత డైరీ అచ్చయింది. పుస్తకాల్లో అంత నిబ్బరంగా కనబడిన పెద్దమనిషి డైరీలో విసుక్కుంటూ, తాను రాస్తున్న మనుషులనే తిట్టుకుంటూ కనబడ్డాడు. ఆ తర్వాత, ముఖ్యంగా 1980ల నుంచి, రాసేవాళ్ళు తమను తాము దాచుకోకూడదనే వాదం బలపడింది. మంచిదే. కానీ ఇప్పుడు కొన్ని థీసిస్‌లు చదువుతుంటే ఊరి కన్నా పరిశోధకురాలే ఎక్కువ కనబడుతోంది: బస్సు దొరకలేదు, కడుపునొప్పి వచ్చింది, వెనక్కి వస్తుంటే కళ్ళు చెమర్చాయి. నా నియమం చిన్నది. నేను అక్కడ ఉండటం వల్లో, నేను అడిగిన తీరు వల్లో, నేను కోసి అతికించడం వల్లో కథ మారితే, ఆ చోట నా మాట ఉండాలి. మిగతా చోట్ల నాకు పని లేదు.

కార్డు జవాబు

మొదటి రికార్డింగులో నేను తెలుగులోనే అడిగాను: "మీ గురించి చెప్పండి పెద్దమ్మా." జవాబు ఒడియాలో వచ్చింది. పేరు, పోయిన భర్త పేరు, వార్డు, రేషన్ కార్డు ఉందా లేదా, పిల్లలెందరు. చెప్పడం అయిపోయింది, ఇంకేం కావాలన్నట్టు చూసింది.

పేటలోకి నోట్‌బుక్కుతో వచ్చేది ఎవరో ఆలోచిస్తే ఇందులో వింత ఏమీ లేదు. తుపాను నష్టం రాసుకునేవాళ్ళు, తాబేళ్ళ సర్వేవాళ్ళు, స్వయం సహాయక సంఘాల లెక్కలు చూసేవాళ్ళు. వాళ్ళంతా అడిగేది ఒడియాలో, నింపేది ఫారం. నేను తెలుగులో అడిగినా నా చేతిలో ఉన్నది నోట్‌బుక్కే. సాధారణంగా ఇలాంటి జవాబును ట్రాన్స్‌క్రిప్ట్‌లోనే (రికార్డింగు విని రాసుకున్న ప్రతిలోనే) వదిలేసి, కథ "మొదలైన" చోటి నుంచి అధ్యాయం రాస్తారు. నేను దాన్ని మొదటి పేజీలోనే ఉంచాను. ప్రభుత్వంతో, స్వచ్ఛంద సంస్థలతో ఆవిడకు ఎన్నేళ్ళ పరిచయం ఉందో, ఆ పరిచయం ఎలాంటిదో ఆ నాలుగు ముక్కల్లో తెలుస్తుంది. నేను ఎవరిలా కనబడ్డానో కూడా తెలుస్తుంది.

కథ కదిలింది వేరే చోట. ఆవిడ నెత్తళ్ళు ఏరుతోంది. ఒకే చేపను రెండు కుప్పలు ఎందుకు పోస్తున్నారని అడిగాను. "ఇది బరంపురం ఎల్తాది, అది కొండకెల్తాది" అంది. ఇక ఆగలేదు. ఇసక అంటకుండా ఎండిన తెల్లటి సరుకు పట్నం వాళ్ళకి. కాస్త ముదురు రంగు, ఉప్పు ఎక్కువ పట్టింది దిగపహండి, మొహనా వైపు సంతలకి. అక్కడ డబ్బు కన్నా చింతపండు, పసుపు ఎక్కువ దొరికేవి. ఆ కుప్పలు వేరు చేయడం నేర్పింది అత్తగారు.

"మా అత్త గంప నెత్తికెత్తినాదంటే బస్సు కాడిదాకా దించీది కాదు. నాకు పెళ్ళైన కొత్త. ఎనకాల నడిసేదాన్ని. మాటాడితే తిట్టీది. సూసి నేర్సుకోవే అనీది."

అంటే ఆవిడ జీవితం ఆవిడ చెప్పిన వరసలో పుట్టుకతో మొదలవలేదు. అత్తగారి గంప వెనకాల నడకతో మొదలైంది. పుట్టిన ఊరు, అమ్మానాన్నలు చాలా తర్వాత, అదీ నేను అడిగితేనే వచ్చారు. చెప్పిన వరసే ఉంచాలా, పుట్టుక నుంచి సర్దాలా?

సర్ది రాసిన గొప్ప పనులు ఉన్నాయి. కలహారి ఎడారిలోని నీసా అనే స్త్రీ కథను మార్జొరీ షోస్టాక్ 1981లో అచ్చు వేసినప్పుడు, వేరువేరు రోజుల్లో విన్నదాన్ని బాల్యం నుంచి ముసలితనం దాకా పేర్చింది. ప్రతి అధ్యాయం ముందూ ఆ సమాజం గురించి తన వివరణ, పుస్తకం చివర తన సంగతి వేరుగా పెట్టింది. ఆ అమరికలో ఎవరి మాట ఎవరిదో పాఠకుడికి తికమక ఉండదు. మన పక్కనే, భువనేశ్వర్ దగ్గర బావురి కులానికి చెందిన ఒకాయన కథను జేమ్స్ ఫ్రీమన్ 1979లో "ముళి" అనే మారుపేరుతో వెలువరించాడు. అదీ మూడో మనిషి గురించి చెప్పినట్టు కాకుండా ఆ మనిషి "నేను" అని చెప్పుకున్నట్టే సాగుతుంది. నేను కాలక్రమం వదిలేసి పెద్దమ్మ వరసే ఉంచాను. కారణం సిద్ధాంతం కన్నా వ్యాపారం. ఆవిడ జ్ఞాపకం సంతల దారి వెంట నడుస్తుంది. ఛత్రపురం స్టేషన్ అనగానే ఒక సంగతి, దిగపహండి బస్టాండ్ అనగానే ఇంకొకటి. ఏళ్ళ ప్రకారం సర్దితే ఆ దారి తెగిపోతుంది, ఏ సంగతి వెనక ఏది ఎందుకు వచ్చిందో తెలియదు. పాఠకుడి కోసం అధ్యాయం చివర ఒక పేజీలో కాలక్రమం ఇచ్చాను. ఆ పేజీ నాదని అక్కడే రాశాను.

దసరా గాలి

ఈ కేసులో నాకు ఎక్కువ పని పెట్టింది ఇదే. పెద్దమ్మ తుపాను గురించి చెప్పిన భాగాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"దసరా. అమ్మోరికి సీర పెట్టి ఒచ్చినాం. మైకులో అరిసీసినారు, కాళీ సేసీమని. బస్సులొచ్చినాయి. మాయన ఎక్కనన్నాడు. తెప్ప ఒడ్డున ఉన్నాది, దాన్నిడిసి ఎలగొస్తాను అన్నాడు. పెద్దోడు మదరాసు నుంచి ఫోను మీద ఫోను. తెల్లారి ఒచ్చి సూస్తే తెప్పా నేదు, తాటిసెట్టూ నేదు. ఆ మీదట ఏరు పొంగినాది. సంటిదాన్ని ఎత్తుకోని మెట్టెక్కినాం."

వింటే ఒకే రాత్రి, ఒకే తుపాను. వివరాలు విడదీస్తే మూడు.

గంజాం తీరానికి దసరా రోజుల్లో మూడుసార్లు పెద్ద గాలి వచ్చింది. 1999 అక్టోబర్ 17-18న గోపాల్‌పూర్ దగ్గర ఒకటి తీరం దాటింది. రెండు వారాలు తిరక్కుండానే పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్ వేలమందిని మింగడంతో ఈ మొదటిదాన్ని దేశం మరిచిపోయింది, గంజాం మరవలేదు. 2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్, మళ్ళీ గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబర్ 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచింది.

ఇక పెద్దమ్మ మాటల్లోకి వద్దాం. తెప్ప 1999 నాటిది. 2013 నాటికి ఆ ఇంట్లో తెప్ప లేదు, వాటా మీద ఫైబర్ బోటు ఉంది. భర్త కూడా లేడు, అంతకు చాలా ఏళ్ళ ముందే జబ్బు చేసి పోయాడు. మైకులు, బస్సులు పైలిన్‌వి. సూపర్ సైక్లోన్ దెబ్బ తర్వాతే ఒడిశా ప్రభుత్వం విపత్తుల కోసం వేరే సంస్థ పెట్టి, తుపాను ఆశ్రయ కేంద్రాలు కట్టించి, జనాన్ని ముందే తరలించడం అలవాటు చేసింది. పైలిన్‌కు రాష్ట్రంలో దాదాపు పది లక్షలమందిని తరలించారు. కొడుకు ఫోను కూడా అప్పటిదే. ఏరు పొంగడం దగ్గర చిక్కు వచ్చింది. పైలిన్ తర్వాత అదే నెలలో కురిసిన వానలకూ గంజాం మునిగింది, తిత్లీకీ మునిగింది. కోడలు తేల్చింది: చంకలో ఉన్న చంటిది తన రెండో కూతురు, కాబట్టి తిత్లీ.

ఇప్పుడు ఏం రాయాలి? నా మొదటి చిత్తులో ఇలా ఉంది: "2013 అక్టోబర్‌లో పైలిన్ తుపాను వచ్చినప్పుడు ఆమె కుటుంబాన్ని ఆశ్రయ కేంద్రానికి తరలించారు. అంతకు ముందు 1999 తుపానులో వారు తెప్పను కోల్పోయారు." ఒక్క తప్పు లేదు. కలెక్టరాఫీసు నివేదికలో పెట్టుకోవచ్చు. కానీ ఆ రెండు వాక్యాల్లో బస్సు ఎక్కనన్న మనిషి లేడు. ఎందుకంటే అలాంటి సంఘటన జరగలేదు. బస్సులు వచ్చిన ఏడాది ఆయన బతికి లేడు.

ఇటలీలో టెర్ని అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో మౌఖిక చరిత్రకారుడు అలెసాండ్రో పోర్తెల్లి చేసిన పని ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ ఊరి కార్మికుడు ఒకడు 1949లో, నాటో వ్యతిరేక ప్రదర్శనలో, పోలీసుల చేతిలో చనిపోయాడు. ఏళ్ళ తర్వాత కార్మికులను అడిగితే చాలామంది ఆ చావును 1953కి, ఫ్యాక్టరీలో వేలమందిని పనిలోంచి తీసేసినప్పటి వీధి పోరాటాలకు జరిపి చెప్పారు. పోర్తెల్లి దాన్ని మతిమరుపు అని కొట్టిపారేయలేదు. ఆ చావుకు తగిన కారణాన్ని, తగిన చోటును జనం వెతుక్కున్నారని చూపించాడు. తేదీ తప్పింది, కానీ తప్పిన తీరులో ఒక ఆలోచన ఉంది.

పెద్దమ్మ విషయంలో ఆ ఆలోచన ఏమిటో నేనే ఊహించి రాసేయొచ్చు. భర్త లేని ఇంట్లో భర్తను నిలబెట్టుకుంది అని ఒక పేరా దట్టించడం కష్టం కాదు. అలాంటి పేరాలంటే నాకు అనుమానం. అందుకని అడిగాను: "పెద్దమ్మా, బస్సులొచ్చిన దసరాకి పెదనాన్న లేడు కదా?"

ఏరుతున్న చేప మీంచి చూపు తిప్పకుండానే అంది: "నేడు. ఉంటే మాత్రం ఎక్కీవోడా? నాకు తెల్దా?"

అంటే ఆవిడకు ఏళ్ళు కలిసిపోలేదు. ఏది ఎప్పుడు జరిగిందో తెలుసు. ఉండి ఉంటే ఏం చేసేవాడో కూడా తెలుసు, దాన్ని జరిగినట్టే చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కాపురం మీద ఆధారపడిన సాక్ష్యం అది. ఈ జవాబు నా ప్రశ్న వల్ల వచ్చింది, నేను అడగకపోతే వచ్చేది కాదు. కాబట్టి నా నియమం ప్రకారం ఇక్కడ నేను కనబడాలి. అచ్చు ప్రతిలో ఆవిడ కథనం కత్తిరింపు లేకుండా ఉంది. దాని కింద పక్కకు జరిపిన పేరాలో మూడు తుపానుల తేదీలు, కోడలు తేల్చిన సంగతి, నా ప్రశ్న, ఆవిడ జవాబు ఉన్నాయి. ఫుట్‌నోటులో పెట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఫుట్‌నోటు ఎవరూ చదవరు. పైగా అక్కడ పెడితే పైన ఆవిడ పొరబడినట్టు, కింద నేను దిద్దినట్టు ఉంటుంది.

పక్కన కూర్చున్న గొంతు

ట్రాన్స్‌క్రిప్ట్ రాస్తుంటే తెలిసిన సంగతి: "పెద్దమ్మ చెప్పింది" అని నేను అనుకున్నదాంట్లో గణనీయమైన భాగం కోడలిది. ధరలు, పిల్లల వయసులు, ఏ వ్యాపారి ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, ఇవన్నీ కోడలు వెనకనుంచి అందిస్తే పెద్దమ్మ తన మాటల్లో కలుపుకుని ముందుకెళ్ళింది. ఒక్కోసారి అత్త చెప్పినదాన్ని కోడలు కాదంది, వాదన జరిగింది, చివరికి అత్త మాటే నిలిచింది. ఆ వాదనలు తీసేస్తే కథ సాఫీగా నడుస్తుంది. ఉంచితే చదవడానికి కొంచెం ఇబ్బంది. నేను ఉంచాను, "కోడలు" అని పక్కన రాసి. ఒకరి జీవితకథ అని అట్ట మీద వేసినా, అత్త దగ్గర పని నేర్చుకునే వరస ఆ ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి ఆ గొంతు లేకపోతే లోటే.

భాష గురించి ఎక్కువ చెప్పను. ఆవిడ మాటను ఆవిడ మాటలాగే రాశాను: నాను, మావు, ఏటి, ఎలగ. మధ్యలో వచ్చే ఒడియా మాటలూ అలాగే. శ్రీకాకుళం వాళ్ళకు వెంటనే అందుతుంది, హైదరాబాదు పాఠకులు ఒకటికి రెండుసార్లు చదువుకుంటారు. నా పేరాలు మామూలు రాత తెలుగులో ఉన్నాయి. గొంతులు వేరని చూపించడానికి అంతకన్నా గుర్తులు అక్కర్లేకపోయాయి.

చదివి వినిపించాక

చిత్తు మొత్తం ఇంట్లో కూర్చుని చదివాను. పెద్దమ్మ, కోడలు, ఊళ్ళో ఉన్న పెద్దకొడుకు, మధ్యలో వచ్చిపోయే ఇరుగుపొరుగు. వినిపించడం అన్నిటికన్నా ఉపయోగపడిన దశ, అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన దశ కూడా.

పెద్దమ్మ అప్పు మొత్తం తీసేయమంది. అప్పు ఉందని రాయొచ్చు, ఎంతో రాయొద్దు. అంకె తీసేశాను, ఆవిడ కోరిక మీద తీసేశానని అక్కడే రాశాను. సంతల పేర్లు మాత్రం ఒక్కటీ పోకూడదంది. మధ్యలో నేను దాటేసిన ఒక బస్టాండును గుర్తు చేసి మరీ చేర్పించింది. రికార్డర్ ఆపాక చెప్పిన సంగతులు ఈ చిత్తులో లేవు. వాటిని చుట్టుతిప్పి కూడా వాడలేదు.

కొడుకు అభ్యంతరం వేరు. "తాబేళ్ళ సంగతి ఇంతేనా?" అన్నాడు. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టే చోటు ఉన్నట్టు 1994లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ తర్వాత ఈ తీరం వాళ్ళకు నవంబర్ 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా సముద్రంలో చేపల వేట మీద ఆంక్షలు వచ్చాయి. ఇవి కాక తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం. మోటారు బోటు వాటాదారుడికి అది పొట్ట మీద దెబ్బ. అతను మద్రాసు బోట్ల మీద పనికి వెళ్ళింది కూడా అందుకే. పుస్తకంలో వస్తే నలుగురికీ తెలుస్తుందని అతని ఆశ, అందులో తప్పేం లేదు.

కానీ పెద్దమ్మ తాబేళ్ళ గురించి చెప్పింది రెండే మాటలు: "తాబేళ్ళ నెలల్లో పచ్చిసేప తక్కువ. ఎండుసేప ఉన్నోళ్ళకి రేటు బాగుంటాది." కొడుకు నష్టపోయే నెలల్లో తల్లి దగ్గర నిల్వ ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. ఒకే ఇంట్లో రెండు లెక్కలు. అతని బాధను ఆవిడ నోట పలికిస్తే కథ మరింత కదిలించేది, నాకు తెలుసు. ఇలాంటి చోట జీవితకథను వాదనకు వాడుకోవడం మన రంగంలో మామూలే. నేను కొడుకుతో విడిగా మాట్లాడి, అతని మాటలను అతని గొంతుతో అధ్యాయం చివర వేరే భాగంగా పెట్టాను. తల్లి రెండు మాటలూ పైన అలాగే ఉన్నాయి. అతను పూర్తిగా ఒప్పుకోలేదు. "మా అమ్మ మాట సదివి మాకేం కష్టం నేదనుకుంటారు" అన్నాడు. ఆ అభ్యంతరం కూడా అతని భాగంలోనే అచ్చయింది.

పేరు దగ్గర పెద్దమ్మ, నేను చివరిదాకా ఏకీభవించలేదు. ఆవిడకు తన పేరు కావాలి. "నా కతకి నా పేరు లేకపోతే అది ఎవుర్దని సెప్తారు?" అప్పు ఇచ్చిన వ్యాపారితో ఇంకా లావాదేవీ నడుస్తోంది కాబట్టి పేరు వద్దని కొడుకు అన్నాడు. పేటలో ఎవరికైనా నాలుగు వాక్యాలు చదివితే మనిషి ఎవరో తెలిసిపోతుంది, నిజమే. కానీ వ్యాపారి పట్నంలో ఉంటాడు. చివరికి రెండు ప్రతులు చేశాం. బయటి ప్రతిలో పేరు లేదు. ఇంటి ప్రతిలో మొదటి పేజీలోనే పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

ఇంటి ప్రతికి లిపి సమస్య వచ్చింది. పెద్దమ్మకు చదువు రాదు. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో ఒడియానే. కాబట్టి ఆ ప్రతిని తెలుగు మాటలతో, ఒడియా అక్షరాల్లో రాశాం. మనవడూ నేనూ కూర్చుని ఒక్కో మాటకు స్పెల్లింగ్ ఖాయం చేశాం. "ఎ", "ఏ" తేడా ఒడియా లిపిలో చూపించడం కుదరక కొన్నిచోట్ల వాడు సొంత గుర్తులు పెట్టుకున్నాడు.

వాడు చదువుతుంటే పెద్దమ్మ విని, తన మాట ఆగి నా పేరా మొదలైన ప్రతిచోటా చెయ్యి ఊపింది. "అది తియ్యి. బస్సులొచ్చిన దసరా ఏదో, పడవలొచ్చిన దసరా ఏదో ఈ ఇంట్లో ఎవులికి తెల్దు? ఆ సంగతి నీ సదువుకున్నోళ్ళకి సెప్పుకో అమ్మీ." తీసేశాను. నా ప్రశ్న, దానికి ఆవిడ జవాబు మాత్రం ఉంచాలా అని అడిగాను. జవాబు ఉంచమంది, ప్రశ్న తీసేయమంది. ఇంటి ప్రతిలో ఇప్పుడు ఆ పేజీ "ఉంటే మాత్రం ఎక్కీవోడా" అని మొదలవుతుంది.